జాటోపెక్ రన్ అప్‌లోడ్ కాలేదు

వాచీలో నమోదు కాని పరుగుకు పతకం ఇవ్వడం ఎంతవరకు న్యాయం? ఇన్నాళ్లూ ఈ ప్రశ్న అడిగే ధైర్యం ఎవరూ చేయలేదు. ఆదివారం తెల్లవారకముందే నెక్లెస్ రోడ్డు చేరి, వాచీకి శాటిలైట్ దొరికేదాకా చెయ్యి గాల్లోకెత్తి నిలబడే బాధ్యత గల పౌరుల తరఫున నేను అడుగుతున్నాను. మనం అయిదు కిలోమీటర్లు పరుగెత్తితే గుండె వేగానికి ఒక గ్రాఫు, అడుగులకు ఒక గ్రాఫు, రాత్రి పట్టని నిద్రకు ఇంకో గ్రాఫు ఉంటాయి. పాతకాలం దూర పరుగు వీరులను తీసుకోండి. ఒక్కరి దగ్గరా ఒక్క గ్రాఫు లేదు. ఉన్నవల్లా పతకాలు.

మొదటి ముద్దాయి చెకోస్లొవేకియా దేశస్థుడు ఎమిల్ జాటోపెక్. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడింట్లోనూ స్వర్ణం ఈయనదే. ఆ మారథాన్ ఆయన జీవితంలో మొదటిది. పదహారు వారాల ప్లాన్ లేదు, జెల్ ప్యాకెట్లు లేవు, రేసుకు ముందురోజు పాస్తా పార్టీ ఫొటో కూడా లేదు. తన పేస్, అంటే పరుగు వేగం, సరైనదో కాదో తెలియక, పక్కనే పరుగెడుతున్న బ్రిటన్ రన్నర్ జిమ్ పీటర్స్‌ను అడిగాడు. అప్పటికి మారథాన్‌లో ప్రపంచంలోనే మేటి టైమింగ్ పీటర్స్‌దే. మరీ నెమ్మదిగా పోతున్నామని ఆయన ఆటపట్టిస్తే, ఈయన నిజమనుకుని వేగం పెంచాడు. పీటర్స్ మాత్రం రేసు పూర్తిచేయలేక మధ్యలోనే ఆగిపోయాడు. ప్రాణమున్న డివైస్‌ను బ్యాటరీ అయిపోయేదాకా వాడుకుని దారిలో వదిలేసిన కేసు చరిత్రలో ఇదొక్కటే.

ఇక ఆయన ట్రైనింగ్. 400 మీటర్లు పరుగు, తర్వాత కొంచెం జాగింగ్, మళ్లీ 400. మొదట్లో ఇవి ఇరవై, తర్వాత నలభై. 1954 నాటికి రోజుకు వంద చేసిన రోజులున్నాయి, పొద్దున యాభై, సాయంత్రం యాభై. ఆ వందే 40 కిలోమీటర్లు, మధ్యలో జాగింగ్ అదనం. అదీ అడవి దారుల్లో, చాలాసార్లు సైన్యం బూట్లతో. ఈ మధ్య షూ కొనడానికి మనం చూసిన రివ్యూ వీడియోల నిడివి కలిపితే ఆయన ఒక పూట ట్రైనింగ్‌కు సరిపోతుంది.

ఇంట్లో మాసిన బట్టలు పేరుకుపోతే బాత్‌టబ్‌లో సబ్బు నీళ్లు పోసి, బట్టలు అందులో వేసి, వాటి మీదే నిలబడి పరుగెత్తేవాడట. దీన్ని యాప్‌లో ఏ కేటగిరీ కింద పెట్టాలి? అడుగులు వేలల్లో, దూరం సున్నా, బట్టలు మాత్రం తెల్లగా. పైగా పరుగెత్తేటప్పుడు తల ఓ పక్కకు వాల్చి, నాలుక బయటపెట్టి, చూసేవాళ్లకే ఆయాసం వచ్చే మొహం ఒకటి. అలాంటి ఫినిష్ ఫొటోను డబ్బిచ్చి ఎవరు కొంటారు?

జాటోపెక్‌కు ముందే ఈ ఇంటర్వల్ (కాస్త పరుగు, కాస్త విరామం, మళ్లీ పరుగు) వ్యవహారానికి శాస్త్రం కట్టినవాళ్లు జర్మనీలో ఉన్నారు. కోచ్ వోల్డెమార్ గెర్ష్లర్, గుండె వైద్యుడు హెర్బర్ట్ రైన్‌డెల్. వాళ్ల లెక్క ఇది. చిన్న దూరం పరుగెత్తించి గుండె వేగాన్ని నిమిషానికి 180 దాకా తేవాలి. ఆపి నాడి పట్టుకుని చూడాలి. 90 సెకన్లలో 120కి దిగితే మళ్లీ పరుగు. దిగకపోతే ఆ రోజుకు చాలు, ఇంటికి పొమ్మనడమే. పరుగు ఆగాక నాడి తగ్గుతుంది గాని, గుండెకు చేరే రక్తం జోరు వెంటనే తగ్గదు. గుండె కొట్టుకునే ప్రతిసారీ ఎక్కువ రక్తం తోడాల్సి వస్తుంది, గుండె బలపడేది అప్పుడే అని వాళ్ల వాదన. పరుగెత్తి పాలు తాగే కన్నా నిలబడి నీళ్లు తాగడం మేలంటూ మనం మంచం దిగకపోవడానికి వాడుకునే సామెతకు సాక్షాత్తు గుండె డాక్టరు ఒక షరతు చేర్చాడన్నమాట: నిలబడు, కానీ ముందు పరుగెత్తు.

గెర్ష్లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాన్‌లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో ముగించాడు. ఆ రికార్డు 1955 దాకా ఎవరికీ లొంగలేదు. వాడిన పరికరాలు చూస్తే ఒక స్టాప్‌వాచీ, మణికట్టు మీద రెండు వేళ్లు. వేళ్లకు నెలవారీ చందా లేదు. ఇది ఎంత ప్రమాదకరమైన సంగతో మార్కెట్ ఇంకా గ్రహించినట్టు లేదు.

మనం ఆ 90 సెకన్లను వృథా కానివ్వం. మొదటి ఇరవై సెకన్లు స్క్రీన్‌షాట్, తర్వాత ముప్పై గ్రూపులో పోస్ట్, మిగతావి ఎవరు చూశారో చూడటం. నాడి 120కి దిగదు. దిగకపోతే ఇంటికి పోవాలన్న నిబంధన మన రన్నింగ్ గ్రూపు ఛాలెంజ్‌లో లేదు. పన్నెండు పరుగులు అని పోస్టర్‌లో వేశాక పన్నెండూ చేయాల్సిందే. జర్మన్ పద్ధతిలో నొప్పి వరకు దిగుమతి చేసుకున్నాం. చాలించమనే భాగం కస్టమ్స్‌లో ఆగిపోయింది.

ఒక మాట ఒప్పుకోవాలి, ఆ పద్ధతి దోషం లేనిదేమీ కాదు. 180, 120 అంకెలు అన్ని వయసుల గుండెలకూ సరిపడవు. ఏడాది పొడుగునా ట్రాక్ చుట్టూ అదే పని చేస్తే మనిషి విసిగిపోతాడు, కాళ్లు అంతకన్నా ముందే. న్యూజిలాండ్‌లో ఒకప్పుడు ఇంటింటికీ పాలు వేసిన ఆర్థర్ లిడియార్డ్ వారానికి 100 మైళ్ల పరుగుతో ముందు పునాది వేయించాడు. 1960 రోమ్‌లో ఆయన శిష్యులు పీటర్ స్నెల్ 800లో, మరే హాల్‌బర్గ్ 5,000లో స్వర్ణాలు తెచ్చారు. ఆయన దగ్గరా గ్రాఫు లేదు లెండి.

ఇంగ్లండ్ వైద్య విద్యార్థి రోజర్ బానిస్టర్‌ది మరీ అన్యాయం. పది సార్లు 440 గజాలు, మధ్యలో రెండు నిమిషాల విరామం. ఒక్కొక్కటి 60 సెకన్లకు తేవాలని చూస్తే 61 దగ్గర మొరాయించింది. ఏం చేశాడు? మిత్రుడితో స్కాట్లండ్ పోయి కొండలెక్కాడు. పరుగు బంద్. వాచీ ఉంటే ఆ రోజుల్లో ‘మీ ఫిట్‌నెస్ పడిపోతోంది’ అని మూడు పూటలా వణికేది. తిరిగొచ్చి 59లో పరుగెత్తాడు. 1954 మే 6న పొద్దున ఆస్పత్రిలో పని చూసుకుని, రైలెక్కి ఆక్స్‌ఫర్డ్ వెళ్లి, సాయంత్రం మైలును 3 నిమిషాల 59.4 సెకన్లలో, అంటే నాలుగు నిమిషాల్లోపు తొలిసారిగా, ముగించాడు.

పోయినవాళ్లను వదిలేద్దాం. మన జిల్లాల సంగతేమిటి? కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో 1600 మీటర్లు క్వాలిఫై కావడానికి జూనియర్ కాలేజీ గ్రౌండ్లలో కుర్రాళ్లు ఇవాళ్టికీ ఇదే నేరం చేస్తున్నారు. ఒక రౌండు గట్టిగా, సగం రౌండు నడక, మళ్లీ రౌండు. కొందరి కాళ్లకు చెప్పులు కూడా ఉండవు. టైమ్ చూసేది గట్టు మీద కూర్చున్న స్నేహితుడు. ఎవడైనా మోకాళ్ల మీద చేతులు ఆనించి లేవకపోతే, ‘ఒరేయ్, ఇయ్యాల్టికి చాలు, కూసో’ అని పక్కకు లాగుతాడు. అతను గెర్ష్లర్ పేరు వినలేదు, కోచింగ్ సర్టిఫికెట్ లేదు, ఫీజు అడగడు. ముందు ఇతణ్ని ఆపాలి. తర్వాత కుర్రాళ్లందరినీ యాప్‌లో చేర్చాలి. మొదటి నెల ఉచితం.