ఇండస్ట్రియల్ ఇంజినీరు ఏ రాయి పెట్టాడు? – చుట్టాల గ్రూపులో తిరిగిన మెసేజ్‌కి నా జవాబు

రెండు వారాలుగా రాయగడలో ఏ తెలుగువాళ్ల గ్రూపు తెరిచినా ఒకటే మెసేజ్. మా చుట్టాల గ్రూపులో దాన్ని పెట్టింది మా పెద్దబావ. మేనల్లుడు కౌన్సెలింగ్‌లో ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ (మనుషులు, మిషన్లు, సామాను ఎక్కడా ఆగకుండా పని నడిచేలా చూసే చదువు) మొదటి ఆప్షన్ పెడతానన్నాడని ఆయనకి ఒళ్లుమంట. మెసేజ్ సారాంశం ఇదీ: "నిజమైన ఇంజినీరు చేసిన పని కంటికి కనబడుతుంది. పనామా కాలువ, ఎంపైర్ స్టేట్ బిల్డింగు, నాగార్జునసాగర్... వీటిలో ఇండస్ట్రియల్ ఇంజినీరు ఏ రాయి పెట్టాడు? స్టాప్‌వాచ్ పట్టుకుని కూలీల నెత్తిన కూర్చోవడమే అతని పని. ఫ్యాక్టరీ గేటు దాటితే అతనితో అవసరం లేదు. రేపు కంప్యూటరొస్తే అదీ ఉండదు." కింద వరసగా దణ్ణాలు, చప్పట్లు.

నేను ఈ చుట్టుపక్కల ఒక మిల్లులో ప్లానింగ్ సెక్షన్లో ఇరవై ఆరేళ్లు చేసి రిటైరైనవాణ్ణి. బావ మీద గౌరవం ఎక్కడికీ పోదు. కానీ ఈ మెసేజ్‌ని మాత్రం వదలను.

మొదటిది, "ఏ రాయి పెట్టాడు?"

రాసినవాడెవడోగానీ ఉదాహరణలు ఎంచడంలో నాకు మేలే చేశాడు. పనామానే చూద్దాం. 1881లో ఫ్రెంచివాళ్లు పని మొదలెట్టారు. సూయజ్ కాలువ తవ్వించిన లెసెప్సే దీనికీ పెద్ద. 1889కల్లా కంపెనీ దివాలా తీసింది. జ్వరాలకీ ప్రమాదాలకీ పోయిన ప్రాణాలు ఇరవై వేల పైమాటేనని అంచనా. 1904లో అమెరికా చేతికొచ్చింది. ఏడాది తిరిగేసరికి వాళ్లకీ అదే తంతు. 1905లో జాన్ స్టీవెన్స్ అనే రైల్వే ఇంజినీరు వెళ్లాడు. వెళ్లి చేసిన మొదటి ఘనకార్యం ఏమిటంటే, తవ్వకం ఆపించడం! ఆవిరితో నడిచే పెద్ద పెద్ద తవ్వే మిషన్లు, మట్టి ఎత్తిపోయడానికి వ్యాగన్లు లేక ఊరికే నిలబడి ఉంటున్నాయి. తవ్వడం ఎవరైనా తవ్వుతారు, తవ్విన కొండని ఎక్కడికి, ఎలా మోస్తారన్నదే చిక్కు అని ఆయన పట్టుకున్నాడు. ముందు గట్టి పట్టాలు వేయించాడు. పనివాళ్లకి ఇళ్లు కట్టించాడు. దోమల మీద యుద్ధం చేస్తున్న డాక్టర్ గోర్గాస్‌కి అడిగినంత మందిని, సామాన్ని ఇచ్చాడు. ఆ తర్వాతే మళ్లీ తవ్వకం.

మట్టి దించే తీరు ఇంకా ముచ్చట. చదును వ్యాగన్ల రైలు ఒక చివర నాగలి లాంటి ఇనప రెక్క పెట్టి, దాన్ని ఇనప తాడుతో రెండో చివరకి లాగేవారు. ఇరవై వ్యాగన్ల మట్టి పది నిమిషాల్లో పక్కకి పడిపోయేది. అదే పారలు పట్టుకుని దించితే ఎంతసేపో ఇంటి ముందు ఇసక లారీ దింపించుకున్న ఎవరికైనా తెలుసు. 1914లో కాలువ తెరిచారు. "స్టీవెన్స్ రైల్వేవాడు కదా, ఇండస్ట్రియల్ ఎక్కడ?" అంటారేమో. అప్పటికి ఆ పేరుతో డిగ్రీయే లేదు బావా. డిగ్రీ లేకపోయినా ఆయన చేసిన పనికి తర్వాత పెట్టిన పేరే అది.

ఎంపైర్ స్టేట్ సంగతీ అంతే. 1930 మార్చి 17న మొదలై 410 రోజుల్లో 102 అంతస్తులు లేచాయి. నడి న్యూయార్కులో సామాను పోసుకోవడానికి చోటే లేదు. అందుకని ఏ దూలం ఏ మూలకో ముందే నంబరేసి తెచ్చేవారు, తెచ్చింది తెచ్చినట్టు పైకి పోయేది. ఒక్కో అంతస్తులో చిన్న పట్టాలు వేసి తోపుడు బళ్ల మీద సామాను నడిపారు. భోజనానికి మనిషి కిందకి దిగి మళ్లీ ఎక్కే పని లేకుండా పైన అంతస్తుల్లోనే క్యాంటీన్లు పెట్టారు. దూలం లెక్క సివిల్ వాళ్లది, కాదనను. ఆ దూలం ఎక్కడా ఆగకుండా చూసిన బుర్ర వేరు.

ఇక సాగర్. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన, 1967 ఆగస్టులో నీళ్ల విడుదల. అంత పెద్ద డ్యాముని రాతి కట్టడంగా, భారీ మిషన్లు తగ్గించి మనుషులతో కట్టాలన్నది తెలిసి తీసుకున్న నిర్ణయం. బయటినుంచి మిషన్లు కొనడానికి విదేశీ మారకం లేదు, ఇక్కడ పని కావలసిన చేతులు వేలల్లో ఉన్నాయి. మిషనా, మనిషా? ఏది ఎక్కడ? ఇది అచ్చంగా ఇండస్ట్రియల్ ఇంజినీరు అడిగే ప్రశ్న. జవాబు ప్రతిసారీ మిషనే రానక్కర్లేదు.

రెండోది, స్టాప్‌వాచ్. ఇందులో సగం నిజముంది, ఒప్పుకోవాలి. ప్రతి పనినీ గడియారంతో కొలిచే టేలర్ అనే ఇంజినీరు పద్ధతి అంటూ స్టాప్‌వాచ్‌తో దిగితే 1911 ఆగస్టులో అమెరికాలో వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో మోల్డర్లు (లోహం పోసే అచ్చులు చేసేవాళ్లు) పని వదిలేసి బయటికొచ్చేశారు. ప్రభుత్వ కర్మాగారాల్లో ఆ గడియారం పెట్టకూడదని అక్కడి పార్లమెంటు తర్వాత నిషేధమే పెట్టింది. మా మిల్లులోనూ మొదట్లో నన్ను చూస్తే టీ కొట్టు దగ్గర మాటలు ఆగిపోయేవి. తప్పు వాళ్లది కాదు.

కానీ కథ టేలర్‌తో అయిపోలేదు. ఫ్రాంక్ గిల్‌బ్రెత్ తాపీపనిలోంచి పైకొచ్చినవాడు. ఒక్క ఇటుక పెట్టడానికి మేస్త్రీ 18 రకాల కదలికలు చేస్తున్నాడని లెక్కేసి, వాటిని నాలుగైదుకి దించాడు. గంటకి 120 ఇటుకలు పెట్టేచోట 350 పడ్డాయి. ఎలాగ? మేస్త్రీని తరిమి కాదు. ఇటుకలు అతని నడుం ఎత్తుకి వచ్చేలా, గోడతోపాటు లేచే పరంజా పెట్టి. మొన్న మా వీధిలో గోడ లేస్తోంది, వెళ్లి చూశాను. మేస్త్రీ ఒక్కో ఇటుకకీ పాదాల దాకా వంగుతున్నాడు. వందేళ్ల కిందట తీరిపోయిన నడుంనొప్పి అది. పక్కనున్న రెండు సిమెంటు బస్తాల మీద పలక వేసి ఇటుకలు దాని మీద పెట్టమన్నాను. "ఏటి బాబూ, మీరూ మేస్త్రీయేనా" అని నవ్వాడు గానీ, పెట్టించుకున్నాడు.

గిల్‌బ్రెత్ భార్య లిలియన్ ఇంకో మెట్టు పైన. 1924లో భర్త పోతే, పదకొండు మంది పిల్లల్ని పెంచుతూ వంటిళ్లలో ఆడవాళ్ల నడకలు లెక్కేసింది. కాలితో నొక్కితే మూత లేచే చెత్తబుట్ట ఆవిడ ఆలోచనే అంటారు. 1965లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ ఇంజినీరింగ్‌కి ఎన్నికైన మొదటి మహిళ ఆవిడే. ఏ కూలీ నెత్తిన కూర్చుందో బావ చెప్పాలి.

మూడోది, "గేటు దాటితే అవసరం లేదు". నా ఉద్యోగంలో నాకు గుర్తుండిపోయిన పని గేటు బయటే జరిగింది. కర్ర లారీలు రోడ్డు పొడుగునా ఆగిపోయేవి. డ్రైవర్లు లారీ కిందే మూడు రాళ్లు పెట్టి అన్నం వండుకునేవారు. హాల్టింగ్ చార్జీల మీద రోజూ గొడవ. హమాలీలు సరిగ్గా దించట్లేదని పైవాళ్ల తిట్లు. ఇద్దరం వేపచెట్టు కింద నోటుబుక్కు పెట్టుకుని రెండు రోజులు కూర్చున్నాం. ఏ లారీ ఎప్పుడొచ్చింది, ఎప్పుడు కదిలింది, అంతే రాశాం. తీరా లోపలికెళ్లి చూస్తే హమాలీలు కర్రల మీద కూర్చుని బీడీలు కాలుస్తున్నారు. పని ఎగ్గొట్టి కాదు, దించడానికి లారీ లేక! బయట లారీలు ఆగి, లోపల మనుషులు ఆగి, మధ్యలో లారీలు తూచే కాటా ఒక్కటే. నిండు బండి తూకానికీ ఖాళీ బండి తూకానికీ అదే. లోపలికెళ్లేదీ బయటికొచ్చేదీ ఎదురెదురు పడి ఏదో ఒకటి వెనక్కి తీయాలి. పైగా కర్రలో తేమ చూసే శాంపిల్ కూడా కాటా మీదే తీసేవారు. శాంపిల్ని లైనులో ఉండగానే తీయించాం. అయిదు నిండు బళ్లు, ఆ తర్వాత అయిదు ఖాళీ బళ్లు, ఆ వరస పెట్టాం. కొత్త కాటా కొనలేదు. వారం తిరిగేసరికి రోడ్డు మీద పొయ్యిలు తగ్గాయి.

మన కొత్తవలస–కిరండూల్ లైనుదీ ఇదే గోల. జయపురం, కొరాపుట్ మీదుగా అరకు దిగేవాళ్లంతా 58 సొరంగాల్నీ లెక్కపెడతారు, పిల్లలు చీకట్లో కేకలేస్తారు. కొండల్ని తొలిచినవాళ్లకి దణ్ణమే. కానీ సింగిల్ లైను మీద రోజుకి ఎన్ని బళ్లు నడుస్తాయన్నది సొరంగాలు తేల్చవు. ఎదురెదురు బళ్లు తప్పుకునే ఒక క్రాసింగ్ స్టేషన్నుంచి ఇంకోదానికి బండి చేరడానికి అన్నిటికంటే ఎక్కువసేపు పట్టే ముక్క ఏదో, అదే తేలుస్తుంది. లూపులో (స్టేషన్లో పక్క పట్టాల మీద) ఇనప రాయి గూడ్సు బండికి దారిచ్చి మన పాసింజరు చెమటలు కక్కుతూ నిలబడిందంటే కారణం అదే. ఇప్పుడు డబ్లింగ్ (రెండో లైను వేసే) పనులు జరుగుతున్నదీ అందుకే. కొరాపుట్ దగ్గర దామన్‌జోడిలో పంచపట్మాలి కొండ మీది బాక్సైటుని (అల్యూమినియం తీసే ఖనిజం) 14.6 కిలోమీటర్ల బెల్టు మీద కిందకి తెస్తున్నారు. లారీ అయితే ఖాళీగా కొండెక్కాలి, బెల్టుకి ఆ బాధ లేదు.

ఈ పేరే జనాన్ని తప్పుదారి పట్టిస్తోందని నా అనుమానం. పరిశ్రమ అనగానే పొగగొట్టం గుర్తొస్తుంది. ఆ మాటకి అసలర్థం కష్టం, శ్రమ. ఫ్యాక్టరీ అన్న అర్థం తర్వాత అంటుకుంది.

నాలుగోది, కంప్యూటర్. మా కాటాకి కంప్యూటర్ ఎప్పుడో వచ్చింది. లారీ లోపల ఎంతసేపుందో చీటీ మీద నిమిషాలతో సహా కొట్టేది. ఆ లెక్క ప్రకారం అంతా సవ్యంగానే ఉండేది, ఎందుకంటే అది లెక్క మొదలెట్టేది లారీ చక్రం కాటా ఎక్కాక. రోడ్డు మీద అన్నం వండుకుంటున్న డ్రైవరు దానికి ఇంకా రానట్టే.