సింహాచలం శాసనానికి టీఆర్ఎల్ ఎంతండీ?

ఇప్పుడే ఫోన్ పెట్టేసి ఇది టైప్ చేస్తున్నాను. అచ్చుతప్పులుంటే సర్దుకోండి.

రీసెర్చ్ గ్రాంట్‌కి అప్లికేషన్ పెడుతున్నాను. ఏ సంస్థ అని అడగకండి, నేను ఇంకా ఉద్యోగం చేసుకోవాలి. ఇంజినీరింగ్‌కి, సైన్స్‌కి, హ్యుమానిటీస్‌కి అందరికీ ఒకటే ఫారం. మల్టీడిసిప్లినరీ అట. అందులో స్టార్ గుర్తు పెట్టిన కాలమ్ ఒకటి: "మీ ప్రాజెక్ట్ టీఆర్ఎల్ ఎంత?" అంటే టెక్నాలజీ రెడీనెస్ లెవెల్. నాసా వాళ్ళు తమ యంత్రాలు ఎంతవరకు తయారయ్యాయో చూసుకోవడానికి పెట్టుకున్న లెక్క. 1 అంటే ఇంకా ఊహ దగ్గరే ఉందని, 9 అంటే నిజంగా వాడి చూశారు, పనిచేస్తోందని.

నా ప్రాజెక్ట్ ఏమిటంటే, విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో గుడి గోడల మీద, చెరువు గట్ల పక్కన ఉన్న శాసనాలకు కాగితం మీద అచ్చులు తీసి, చదివి, ఫొటోలతో దాచిపెట్టడం. తడి కాగితం, బ్రష్, సిరా, బస్సు ఛార్జీలు. ఇదీ నా టెక్నాలజీ. రోడ్డు వెడల్పు చేస్తూ ఒక రాయిని పగలగొట్టేస్తే ఆ ఊరి ఎనిమిది వందల ఏళ్ళ జ్ఞాపకం కంకరలో కలిసిపోతుంది. దానికి ముందే వెళ్ళాలి, అంతే నా తొందర.

సరే, ఆఫీసుకి ఫోన్ చేశాను. "సార్, మాకు ఈ కాలమ్ వర్తించదండీ, ఖాళీగా వదిలేయొచ్చా?" అన్నాను. "ఖాళీగా ఉంటే సిస్టమ్ తీసుకోదు మేడమ్, ఏదో ఒకటి వేసేయండి" అన్నాడు. పోనీ సున్నా వేద్దామంటే సున్నా లేదు, 1 నుంచే మొదలు. తర్వాత ఆయనే జాలిపడి అడిగాడు: "అవును మేడమ్, ఈ పాత రాళ్ళ వల్ల చివరికి ప్రోడక్ట్ ఏమొస్తుందండీ?"

ప్రోడక్ట్!

నేను 9 వేశాను. సింహాచలంలో కులోత్తుంగ చోళుడి కాలం నాటి శాసనం ఉంది. తొమ్మిది వందల ఏళ్ళుగా నిలబడి తన పని తాను చేసుకుంటోంది. సర్వర్ డౌన్ లేదు, అప్‌డేట్ లేదు. కృష్ణదేవరాయలు 1516లో, మళ్ళీ 1519లో అక్కడికి వచ్చి ఏమిచ్చి వెళ్ళాడో ఇవాళ్టికీ చదువుకోవచ్చు. మీ పోర్టల్‌లో నేను సోమవారం సేవ్ చేసిన డ్రాఫ్ట్ మంగళవారానికి లేదు. ఎవరి టెక్నాలజీ రెడీగా ఉందో మీరే చెప్పండి.

ఆ కింద ఇంకా ఉన్నాయి. పేటెంట్లు ఎన్ని? ఇండస్ట్రీ పార్ట్‌నర్ ఎవరు? స్కోపస్ (పరిశోధన పత్రికల అంతర్జాతీయ జాబితా) పేపర్లు ఎన్ని? లారీలు తూచే వేబ్రిడ్జి మీద మల్లెపూలు పెట్టి, ముల్లు కదల్లేదు కాబట్టి పూలే లేవన్నట్టుంది వ్యవహారం. మా పెద్దవాళ్ళు శాసనాల మీద రాసిన గొప్ప వ్యాసాలు ఎన్నో భారతి పత్రికలో తెలుగులో వచ్చాయి. వాటికి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఒక పత్రికలోని వ్యాసాలను మిగతావాళ్ళు సగటున ఎన్నిసార్లు ఉదహరించారనే లెక్క) కట్టండి చూద్దాం.

గిడుగు రామమూర్తి గారిని తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన మీద కాదు, మన మీద. పర్లాకిమిడిలో బడి పంతులు. ముఖలింగం శాసనాలు తనంత తానే చదవడం నేర్చుకున్నాడు. సవరలనే గిరిజనుల భాష కోసం కొండలెక్కి, మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి చెవుడు కూడా తెచ్చుకున్నాడు. ఆ భాషకి వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. దశాబ్దాల పని. ఇవాళైతే ఆరు నెలలకోసారి ప్రోగ్రెస్ రిపోర్ట్ ఇవ్వలేదని మొదటి ఏడాదే ఫైల్ మూసేసేవారు.

సైన్స్ వాళ్ళు సుఖంగా ఉన్నారని కాదు. ఇదే వాల్తేరు నుంచి 1950లలో సముద్రం మీదికి వెళ్ళి లోతులు కొలిచారు. మన తీరానికి ఎదురుగా నీళ్ళ అడుగున ఉన్న లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు ఉన్నాయి. ఆ మహదేవన్ ఆంధ్రా యూనివర్సిటీలో జియాలజీ ప్రొఫెసర్. ఆ కొలతల వల్ల ప్రోడక్ట్ ఏమొస్తుందని ఆయన్ని ఎవరూ అడిగి ఉండరు. ఇప్పుడు నా కెమిస్ట్రీ స్నేహితురాలి స్టూడెంట్‌కి జేఆర్ఎఫ్ (పరిశోధన విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) నెలకి 37,000 అని కాగితం మీద ఉంటుంది, ఖాతాలో ఎప్పుడు పడుతుందో ఆ సింహాద్రి అప్పన్నకే తెలియాలి. ఇంజినీరింగ్ కాలేజీ వాళ్ళ బాధ ఇంకోటి. "స్కోపస్ పేపర్ రెడీ, సెకండ్ ఆథర్ పొజిషన్ ఖాళీ" అని వాట్సాప్‌లో ఫ్లాట్లు అమ్మినట్టు అమ్ముతున్నారు. మేనేజ్‌మెంట్ ఏడాదికి ఇన్ని పేపర్లు కావాలంటే ఆ పిల్ల లెక్చరర్లు ఎక్కడి నుంచి తెస్తారు? కొంటారు. లెక్క సరిపోతుంది, ర్యాంకింగ్ వస్తుంది, గేటు దగ్గర ఫ్లెక్సీ లేస్తుంది.

ఇంకా కాపీ పట్టుకునే సాఫ్ట్‌వేర్ సంగతి చెప్పనే లేదు. శాసన పాఠాన్ని ఒక్క అక్షరం మార్చకుండా ఇవ్వాలి, అది మా ధర్మం. అలా ఇస్తే సిమిలారిటీ, అంటే వేరే రాతలతో పోలిక, 10 శాతం దాటింది, కాపీ కొట్టారంటుంది. ఉల్లేఖనలు తీసేసి లెక్కపెట్టండి బాబూ, యూజీసీ 2018 రూలే అలా ఉందంటే, "ముందు తగ్గించి తీసుకురండి మేడమ్." ఎలా తగ్గించను? రాజరాజ నరేంద్రుడి శాసనాన్ని నా సొంత మాటల్లో రాయనా?

అయినా ఆ ఆఫీసు ఆయన్ని అని ఏం లాభం. నాకు ఈ ప్రశ్న పదో తరగతి నుంచే అలవాటు. మాది ఉక్కునగరం క్వార్టర్స్. ఇటు ఎంపీసీ, అటు బైపీసీ, మధ్యలో మనుషులు లేరు. నేను హెచ్ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్) తీసుకుంటానంటే జూనియర్ కాలేజీ కౌంటర్‌లో ఆయన, "ఆ గ్రూప్ మా దగ్గర ఉండదమ్మా" అన్నాడు, మా దగ్గర చెత్త వేయకూడదన్నట్టు. మార్కులు బాగానే వచ్చాయి నాకు. అయినా మా పెదనాన్న ఇంటికొచ్చి, నా ముందే మా నాన్నతో, "ఏటిరా, పిల్లకి మార్కులు తక్కువొచ్చాయా? చెప్తే నేను మాట్లాడేవాణ్ణి కదా, సీటు ఇప్పించేవాణ్ణి" అన్నారు. మా నాన్న ఏమీ అనలేదు. అది ఇంకా గుచ్చుకుంటుంది. పీహెచ్‌డీ వచ్చినప్పుడు కూడా ఆయన అడిగింది ఒక్కటే: "డాక్టరంటే మందులిచ్చే డాక్టరు కాదు కదా?"

నిన్న రాత్రి ఆ పెదనాన్నే ఫోన్ చేశారు. మనవరాలికి స్కూల్లో ప్రాజెక్ట్ ఇచ్చారట, సింహాచలం చరిత్ర మీద నాలుగు పేజీలు రాసి పెట్టమ్మా అన్నారు. రేపటికల్లా కావాలట. ఫొటోలతో సహా.