సవరణ: బహిరంగ స్థలాల వైశాల్యం, వినియోగం

నగరాల్లోని బహిరంగ స్థలాలపై ఇంతకుముందు రాసిన వ్యాసంలో "స్థలం ఎంత విశాలంగా ఉంటే జనం అంత ఎక్కువగా వాడుకుంటారు" అన్న వాక్యాన్ని "కూర్చునే వీలు ఎంత ఉంటే అంత ఎక్కువగా" అని సవరించి చదువుకోగలరు. 1970ల్లో న్యూయార్క్ ప్లాజాలను (పెద్ద భవనాల ముందు జనం కోసం వదిలే ఖాళీ స్థలాలను) కెమెరాలతో పరిశీలించిన అమెరికా పరిశోధకుడు విలియం వైట్, వైశాల్యానికీ వినియోగానికీ పెద్దగా పొంతన లేదనీ, అనువైన గట్లు, మెట్లు, కుర్చీలు ఉన్నచోటే జనం చేరుతున్నారనీ తేల్చారు. జరపడానికి వీలున్న కుర్చీ దొరికితే, చాలామంది కూర్చునే ముందు దాన్ని అంగుళమైనా పక్కకు జరుపుకోవడం ఆయన గమనించిన చిత్రమైన అలవాటు. ఆ చోటు తమదన్న భావన అందులోనే మొదలవుతుందని నా అభిప్రాయం. ప్లాజాకు చోటు వదిలిన భవనాలకు న్యూయార్క్‌లో 1961 నుంచే అదనపు నిర్మాణ వైశాల్యం దక్కుతున్నా, వాటిలో కూర్చునే చోటు తప్పనిసరి అయింది నగర నిర్మాణ నిబంధనలకు 1975లో చేసిన సవరణతోనే.