విప్పి చూడరేం?

అమ్మ వాడే సుమీత్ కంపెనీ మిక్సీ ఆగిపోయింది. మోటార్ కాలలేదు, లోపలి రాగి తీగ చుట్ట, అదే వైండింగ్, బాగానే ఉంది. మోటార్‌లో తిరిగే రాగి భాగానికి, అంటే కమ్యుటేటర్‌కు, రాసుకుని రాసుకుని దానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి, అంతే. వేలి గోరంత ముక్కలు! నల్గొండలో గడియారం సెంటర్ నుంచి ప్రకాశం బజార్ దాకా రిపేరు షాపుల్లో అడిగాం. "దీనికి సామాను రాదమ్మా, కొత్తది తీసుకోండి." విప్పి చూస్తే కదా తెలిసేది! ఒకాయనైతే పాత ఇనుముకు వేసేయమన్నాడు. ఇనుమా? పసుపు కొమ్ములు కూడా మెత్తగా పట్టిన మిక్సీ అది! పచ్చిపులుసులోకి నువ్వుల పొడి ఇప్పుడు దేంట్లో పట్టాలి? ఇంకొకాయన హైదరాబాద్ తీసుకుపొమ్మన్నాడు. రెండు బ్రష్‌లు మార్చడానికి హైదరాబాదా? జిల్లా కేంద్రంలో ఆ పని తెలిసిన మనిషే లేడా? ఏసీకి, ఫ్రిజ్‌కు పిలిస్తే ఇంటికొస్తారు. వంటింటి సామాను కాబట్టి దీనికి విలువ లేదా?