'వీడే హంతకుడు' అని రాసిన ఎర్ర బాల్‌పెన్నుకు

మహారాజశ్రీ ఎర్ర బాల్‌పెన్ను గారికి,

పర్లాకిమిడి నుంచి మీ బాధితుడు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. నిన్న మధ్యాహ్నం ఒంటిగంట దాకా అది నిజం కూడా.

ఆదివారం. కరెంటు లేదు. పఖాళ (నీళ్లలో నానేసిన చద్దన్నం) తిని, గుమ్మం దగ్గర వెలుతురు చూసుకుని చాప వేసుకున్నాను. అట్ట ఊడిపోయిన డిటెక్టివ్ నవల తెరిచాను. శుక్రవారం అద్దెకు తెచ్చి, శనివారమంతా ముట్టుకోకుండా దాచుకున్నది. లోపల గడియ పెట్టిన గదిలో జమీందారు గారు చచ్చి పడున్నారు. మేనల్లుడు, రెండో భార్య, మేనేజరు, కాంపౌండరు, వంటమనిషి వరసగా వచ్చి కంగారు పడుతున్నారు. పద్నాలుగో పేజీ తిప్పాను. అక్కడ మీరు. కాంపౌండరు పేరు చుట్టూ రెండుసార్లు తిరిగి, బాణం గీసి, మార్జిన్‌లో 'వీడే హంతకుడు' అని సెలవిచ్చారు.

నవల 212 పేజీలండీ. ఇంకా 198 మిగిలున్నాయి.

వాడుక భాషలో రాశారు, అందుకు మాత్రం సంతోషం. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లో పాఠాలు చెప్పుకుంటూ దానికోసం అంత పోట్లాడింది ఊరికే పోలేదు. 'ఇతడే హంతకుడు సుమీ' అని రాసుంటే ఇంకా ఒళ్లు మండేది.

నేను ఊరికే కోపం తెచ్చుకునే మనిషిని కాను. చివరి పేజీ చింపి బజ్జీల పొట్లం కట్టినవాళ్లని క్షమించాను. కత్తి గొంతు దాకా తెచ్చి 'సశేషం' అని ఆపేసి, పైవారం అదే కత్తితో యాపిల్ కోయించిన సీరియల్ రచయితలనీ క్షమించాను. మా బావ 'ఓ, ఆ నవలా? అందులో చివరికి...' అని మొదలెడితే చెవులు మూసుకోవడం అలవాటైపోయింది. మీ దగ్గర చెవులు మూసుకుంటే ఏం లాభం?

ఇది మామూలు ఊరైతే పుస్తకం విసిరేసి ఇంకోటి తెచ్చుకునేవాణ్ణి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు అటు కలిసిన ఊరు మాది. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. అద్దె కొట్టులో తెలుగు పుస్తకాలకి మిగిలింది ఒక్క అర. అందులో కొత్తది చేరి ఎన్నాళ్లయిందో కొట్టాయనకే గుర్తు లేదు. కొమ్మూరి సాంబశివరావు గారి నవలల్లో డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు కలిసి పట్టుకున్న దొంగలందరినీ నేను మూడేసిసార్లు పట్టుకున్నాను. చదవనిది అంటూ దొరికింది ఇదొక్కటి. దానికీ మీరే ముందు తగలాలా?

రాసేవాళ్లకి ఎన్ని కట్టుబాట్లో మీకు తెలుసా? 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషు ఫాదరు డిటెక్టివ్ కథలకి పది ఆజ్ఞలు రాసిపెట్టారు. నేరస్తుణ్ణి కథ మొదట్లోనే చూపించాలి. డిటెక్టివ్‌కి దొరికిన ఆధారం పాఠకుడికి దాచకూడదు. డిటెక్టివ్ పక్కనుండే మొద్దబ్బాయి తెలివి మామూలు పాఠకుడి తెలివి కంటే కొంచెం, చాలా కొంచెం తక్కువుండాలి. (మీరు నన్ను ఈ మూడో లెక్కలో వేసుకున్నట్టున్నారు.) లండన్‌లో 1952 నుంచీ ఆడుతున్న ఒక హత్య నాటకం ఉంది. తెర పడే ముందు నటులే ముందుకొచ్చి, హంతకుడెవరో బయట చెప్పకండి బాబూ అని జనాన్ని బతిమాలతారు. అంతమంది నోరు కట్టుకుని కూర్చున్నారు. మీరు పద్నాలుగు పేజీలు ఆగలేకపోయారు.

అయినా చదివాను. ఏం చెయ్యను, అద్దె కట్టేశాను కదా.

ఒక సంగతి ఒప్పుకోవాలి. బాగానే సాగింది. బాగా ఏమిటి, గుండె దడ. బల్ల కింద బాంబుందని ప్రేక్షకుడికి ముందు తెలియకపోతే, అది పేలినప్పుడు 15 సెకన్ల ఉలికిపాటు. తెలిస్తే 15 నిమిషాల టెన్షన్. సస్పెన్స్ సినిమాల డైరెక్టరు హిచ్‌కాక్ చెప్పిన లెక్క ఇది. నా బల్ల కింద మీరు కాంపౌండర్ని పెట్టారు. వాడు సీసా కుదిపిన ప్రతిసారీ నా గొంతు తడారిపోయింది. రెండో భార్యకి తలనొప్పంటే 'వద్దమ్మా, తాగకు' అని పైకే అనేశాను. పక్కింటివాళ్లు తొంగి చూశారు. మీరు రాయకపోతే అది ఒట్టి దగ్గుమందు.

సాయంత్రం వెలుతురు తగ్గే వేళకి 205వ పేజీ. డిటెక్టివ్ అందరినీ హాల్లో కూర్చోబెట్టాడు. నేను కాంపౌండరు పారిపోకుండా మనసులోనే తలుపు దగ్గర నిలబడ్డాను. డిటెక్టివ్ వేలు చాపాడు.

కాంపౌండరు కాదు.

ఎవరో ఇక్కడ రాయను. నాకు సంస్కారం ఉంది. కాంపౌండరు పాపం రాత్రంతా పేదవాళ్లకి ఉచితంగా మందులిస్తూ తిరిగాడట, అందుకే ఎక్కడున్నాడో చెప్పుకోలేదట. అంత మంచివాణ్ణి 191 పేజీల పాటు అసహ్యించుకున్నాను. తడిసిన చెప్పులు, వీలునామా మీద సిరా మరక, మొక్క లేని పూలకుండీ, అన్నీ రచయిత నా కళ్ల ముందే పెట్టాడు. దాచకుండానే చూపు పక్కకి తిప్పడం వాళ్ల విద్య. అందుకోసం పాపం ఆయన ఒక మేనేజర్ని కుంటించాడు, చుట్ట కాల్పించాడు, అర్ధరాత్రి తోటలో తవ్వించాడు. ఆ మేనేజర్ని నేను కన్నెత్తి చూడలేదు. కాంపౌండరు చేతులే చూస్తూ కూర్చున్నాను. ఆయన అంత కష్టపడి చేసిన పని నువ్వు రెండు ముక్కల్లో చేసేశావు.

పోనీ, పద్నాలుగో పేజీ దగ్గర ఏదో ఊహించి, రాసి, పుస్తకం తిరిగి ఇచ్చేశావేమో అనుకున్నాను. మనిషన్నాక పొరపాటు పడతాడు. 212వ పేజీ తిప్పాను. 'సమాప్తం' కింద అదే ఎర్ర సిరా.

'హి హి.'

అంటే చివరిదాకా చదివావు. అసలువాడెవరో తెలుసుకున్నావు. అప్పుడు వెనక్కి, మళ్లీ పద్నాలుగో పేజీకి వెళ్లి, తీరిగ్గా, రెండుసార్లు గుండ్రంగా చుట్టి... సిగ్గు లేదా? నా ఆదివారం నాకు తెచ్చిస్తావా? ఆ రెండో భార్య దగ్గర నేను చేసిన గోల పక్కింటివాళ్లు మరిచిపోయేలా చేస్తావా?

రాత్రి కరెంటొచ్చాక దీపం కింద నీ రాతని మళ్లీ చూశాను. పరిశోధన అనుకో. 'హంతకుడు'లో హ మీద, త మీద తలకట్టు టిక్కులా పడలేదు. ఒడియా అక్షరాల నెత్తిన ఉండే గొడుగులాగా గుండ్రంగా వంగింది. బడిలో ఒడియా దిద్ది, ఇంట్లో అమ్మ దగ్గర తెలుగు నేర్చుకున్న చెయ్యి అది. నా తలకట్లూ అంతే. దానికి మా అమ్మ మొట్టికాయలు వేసేది. ఈ ఊళ్లో ఇంకా తెలుగు నవల అద్దెకు తెచ్చుకునేది నేనొక్కణ్ణే అనుకుంటున్నాను ఇన్నాళ్లూ.

ఇవాళ పొద్దున్నే కొట్టుకెళ్లాను. పుస్తకం బల్ల మీద కొట్టి, ముందు ఎవరు తీసుకెళ్లారని అడిగాను. కొట్టాయన రిజిస్టరు వెతికినట్టు వెతికి, 'తెలీదు బాబూ' అని నవ్వాడు. ఆయన జేబులో కూడా ఒక పెన్నుంది. దాని మూత నల్లగా ఉంది. మూతదేముంది, మార్చచ్చు.

అర చివర, పంచాంగాల వెనక ఇంకో పాత నవల కనిపించింది. నేను చదవనిది. అక్కడే నిలబడి తిరగేశాను. పదకొండో పేజీలో పిన్నిగారి పేరు చుట్టూ ఎర్ర సున్నా. మార్జిన్‌లో, 'ఈసారి నిజం చెబుతున్నా.' దాని కింద ఇంకెవరిదో నీలం సిరా: 'నమ్మకండి.'

తెచ్చేసుకున్నాను. ఇప్పుడు అరవై రెండో పేజీలో ఉన్నాను. పిన్నిగారు వంటింట్లో హీరోకి కాఫీ కలుపుతోంది, చక్కెర డబ్బా పక్కన ఇంకేదో డబ్బా కూడా ఉంది. ఉంటాను.

ఇట్లు,
మీ పద్నాలుగో పేజీ పాఠకుడు