ట్యాపు జరపడమంటే తల వంచడమే

ఇంట్లో టెస్లా కాయిల్ (గాలిలోకి మెరుపులు చిమ్మే హై వోల్టేజీ యంత్రం) కట్టుకునేవాళ్లకు ఈమధ్య ఒక నీచమైన అలవాటు నేర్పుతున్నారు. దాని పేరు ట్యూనింగ్, అంటే కింది చుట్ట ప్రైమరీనీ పై చుట్ట సెకండరీనీ ఒకే శ్రుతికి తేవడం. మెరుపు సాగకపోతే ప్రైమరీ మీద ట్యాపును, అంటే తీగ తగిలించే క్లిప్పును, పావు చుట్టు జరిపి చూడమంటారు. పావు చుట్టు! పరువున్నవాడు చేసే పనేనా అది? మెరుపు రాకపోతే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ తేవాలి. అప్పటికీ రాకపోతే ఇంకా పెద్దది తేవాలి. ఇందులో పోయేది డబ్బే కదా!

వాళ్ల లెక్కేమిటో చూద్దాం. ముందు సెకండరీ. 110 మి.మీ. పీవీసీ పైపు మీద 25 గేజి ఎనామిల్ తీగ 900 చుట్లు చుడితే అర మీటరు ఎత్తు వస్తుంది. మోటార్ వైండింగ్ షాపులో తూకానికి కొంటే ఆరొందల గ్రాములు సరిపోతుంది. ఇండక్టెన్స్ సుమారు 17.5 మిల్లీహెన్రీలు. నెత్తిన 4 అంగుళాల అల్యూమినియం డక్టుతో 15 అంగుళాల టోరాయిడ్ (గారె ఆకారపు లోహపు చక్రం) పెడితే మొత్తం కెపాసిటెన్స్ 23 పీకోఫారడ్ల దగ్గర తేలుతుంది. అంటే సెకండరీ శ్రుతి దాదాపు 250 కిలోహెర్ట్జ్. కింద ప్రైమరీకి జోడీగా 10 నానోఫారడ్ల కెపాసిటర్ ఉంటే ప్రైమరీకి 40 మైక్రోహెన్రీలు కావాలి. ఏసీ మెకానిక్కులు వాడే పావు అంగుళం రాగి పైపును 7 అంగుళాల లోపలి వ్యాసంతో, చుట్టుకీ చుట్టుకీ మధ్య పావు అంగుళం వదిలి బల్లపరుపుగా చుడితే పదిన్నర చుట్లు దాటాక అది దొరుకుతుంది.

అయినా 14 చుట్లు చుట్టుకోమంటారు. మెరుపు బయటికొచ్చాక అది కూడా కొంత కెపాసిటెన్సేనట, దాంతో సెకండరీ శ్రుతి దిగుతుందట, కాబట్టి ట్యాపును ముందే కాస్త బయటి వైపు పెట్టుకోవాలట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

విచిత్రమేమిటంటే, శ్రుతి కలపనని భీష్మించుకున్నవాడు ఒకచోట తనకే తెలియకుండా కలిపేస్తాడు. నియాన్ బోర్డుల ట్రాన్స్‌ఫార్మర్, 15 కిలోవోల్టులు, 30 మిల్లీయాంపులు అనుకుందాం. మన 50 హెర్ట్జ్ కరెంటుకి అది 6.4 నానోఫారడ్ల కెపాసిటర్‌తో సరిగ్గా రెజొనెన్స్‌లో, అంటే శ్రుతిలో, పడుతుంది. అప్పుడు వోల్టేజీ 15 దగ్గర ఆగదు, ఇన్సులేషన్ కాలేదాకా ఎక్కుతుంది. అందుకే స్టాటిక్ గ్యాప్ (కదలని స్పార్క్ గ్యాప్, అంటే కెపాసిటర్ నిండాక నిప్పురవ్వ దూకే సందు) వాడేవాళ్లు ఒకటిన్నర రెట్లు, అంటే సుమారు 10 నానోఫారడ్లు వేస్తారు. అమెరికా పట్టికలు 60 హెర్ట్జ్‌కి రాసినవి. అక్కడ ఒకటిన్నర రెట్లని వేసే 8 నానోఫారడ్లు ఇక్కడ ఒకటింబావు రెట్లే అవుతుంది. ఆ పట్టికను కళ్లకద్దుకుని, మెరుపు పొడుగ్గా రావాలని స్పార్క్ గ్యాప్ కూడా వెడల్పు చేసేవాడి వల్లే ట్రాన్స్‌ఫార్మర్ల వ్యాపారం బతుకుతోంది. పిరికివాళ్లయితే కెపాసిటర్ తగిలించకముందే ట్రాన్స్‌ఫార్మర్‌కి గ్యాప్ ఒక్కటే కలిపి, నిలకడగా వెలిగినంతవరకే తెరిచి, అక్కడ బిగించేస్తారు.

ఇక లక్షణాలు. గ్యాప్ టపటపా పేలుతున్నా పైన చుక్క మెరుపు లేకపోతే ట్యాపు తప్పు చోట ఉందని అర్థం. పేలుడు శబ్దం పోయి పసుపు మంటలా సాగితే గ్యాప్ ఆరడం లేదు, బ్లోయర్‌తో గాలి కొట్టాలి. సెకండరీ ఒంటి మీద నిప్పురవ్వలు పరుగులు తీస్తుంటే కప్లింగ్ (రెండు చుట్టల మధ్య లంకె) ఎక్కువైంది, సెకండరీని సెంటీమీటరు చొప్పున పైకి లేపాలి. మనమైతే ఇంకో పూత వార్నిష్ వేస్తాం. సెకండరీ అడుగు కొసకి వేరే ఎర్త్ రాడ్ పాతాలన్న సలహా కూడా ఉంది. ఇంటి ఎర్త్‌కే కలిపేస్తే మన ప్రయోగం సంగతి పక్కింటి సెట్‌టాప్ బాక్సుకీ తెలుస్తుంది.

ఒక్క మాట మాత్రం వెటకారం కాదు. ప్రైమరీ వైపు ఉన్నది మనిషిని చంపే కరెంటు. ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లో చార్జి మిగులుతుంది. ఒక్కో కెపాసిటర్‌కి 10 మెగాఓమ్‌ల బ్లీడర్ (చార్జిని మెల్లగా ఖాళీ చేసే రెసిస్టర్) ఉన్నాసరే, ఇన్సులేటెడ్ కర్రకు కట్టిన ఎర్త్ తీగతో షార్ట్ చేయనిదే ట్యాపు ముట్టుకోకూడదు. హై ఫ్రీక్వెన్సీ షాక్ కొట్టదని చెప్పేవాడు ప్రైమరీని ఇంకా తాకలేదు.

సరే, మూడో ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. బిగించండి. ఎనిమిదో చుట్టు మీద మొదటిరోజు పెట్టిన క్లిప్పును మాత్రం కదపకండి. ప్రైమరీ అక్కడ 340 కిలోహెర్ట్జ్ దగ్గర మోగుతోంది, సెకండరీ 250 దగ్గర చెవి పెట్టుకుని కూర్చుంది. ఎవరో ఒకరు తగ్గకపోతారా!