'ఎక్కడికి' అనకూడదని తెలియని భాష

గడప దాటుతున్న మనిషిని 'ఎక్కడికి?' అనకూడదు, 'దూరమా?' అనాలి. ఇంగ్లీషుకి ఈ ఇంగితం లేదు. ఆ మాటనే ఎదురొచ్చిన పిల్లిలా మొట్టమొదట పెడుతుంది: వేర్ ఆర్ యూ గోయింగ్?

మన ప్రశ్న మర్యాద తెలిసింది. 'నువ్వు గాజువాకకి వెళ్తున్నావ్'లో గాజువాకని లేపి అదే సీట్లో 'ఎక్కడికి'ని కూర్చోబెడితే చాలు, పక్కవాళ్లు కదలక్కర్లేదు. వాట్, వేర్, వై మాత్రం విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి రుమాలేసి ముందు సీటు పట్టే రకం. పైగా వెంట 'ఆర్'ని కూడా లాక్కొచ్చి 'యూ'కి ముందు కూర్చోబెడతాయి. ఈ రెండో సంగతి మనకి గుర్తుండదు కాబట్టే మద్దిలపాలెం నుంచి భీమిలి దాకా 'వేర్ యూ ఆర్ గోయింగ్' వినిపిస్తుంది.

'యూ వెంట్'లో లాక్కురావడానికి 'ఆర్' లాంటి సహాయక క్రియే లేదు కదా? అప్పుడు 'డూ' అనే కూలీని పిలుస్తారు. భూతకాలం మూట అతగాడి నెత్తికెక్కి 'డిడ్' అవుతుంది. అసలు క్రియ చేతులూపుకుంటూ 'గో'గా వెనక నడుస్తుంది. వేర్ డిడ్ యూ గో? మనకి జాలెక్కువ. ఒకే మూట ఇద్దరి నెత్తినా పెట్టి 'వై డిడ్ యూ కేమ్' అంటాం.

'హూ' తానే కర్తయితే కూలీ అక్కర్లేదు. హూ బ్రోక్ ద గ్లాస్? పగలగొట్టినవాడు దొరక్కముందే వాడికి మినహాయింపు!

ఇన్ని తిప్పలు పడి నేర్చుకున్న 'వేర్ ఈజ్'తో జగదాంబ జంక్షన్లో 'కెన్ యూ టెల్ మీ వేర్ ఈజ్ ద బస్టాప్' అని అడిగితే, అదీ తప్పే. అసలు ప్రశ్న 'కెన్ యూ'ది, 'వేర్' దాని లోపలి ముక్క కాబట్టి అక్కడ 'ఈజ్' ముందుకి దూకకూడదు: వేర్ ద బస్టాప్ ఈజ్. క్రియల తోపులాట బయటి ప్రశ్నకే అనుమతి.

ఇంత హడావుడి చేసే భాషలో 'ఎన్నో' లేదంటే నమ్ముతారా? సింహాచలం మెట్లెక్కుతున్న బావకి ఫోన్ చేసి 'ఎన్నో మెట్టు మీదున్నావ్?' అంటాం. ఇంగ్లీషులోనైతే హౌ మెనీ స్టెప్స్ హావ్ యూ క్లైంబ్డ్ అని ఎక్కినవాటి లెక్కడగాలి, లేదా 'విచ్ స్టెప్' అని ఏ మెట్టో అడగాలి; వరసలో ఎన్నోదని అడగడానికి విడిగా ఒక మాట లేదు. 'మీ ఇంట్లో మీరు ఎన్నో సంతానం?' అన్నదాన్ని మాటకి మాట ఇంగ్లీషు చేసి ఓ దొరని అడిగి చూడండి. 'వాట్?' అంటాడు.

అదొక్కటీ అచ్చం మా ఉత్తరాంధ్ర 'ఏటి?' లాగే ఉంటుంది.